తాకట్టు పెట్టిన ఇల్లు, అయిదు సినిమాలు: జాన్ కాసవెటీస్ బాక్సు సెట్టుపై ఒక సమీక్ష

"ఇల్లు తాకట్టు పెట్టి సినిమా తీశాడు" అన్న మాట మన సినిమా ముచ్చట్లలో ఎప్పుడు వినిపించినా దాని వెంట ఒక నిట్టూర్పు వస్తుంది. ఆ తరువాత ఏం జరిగిందో ఎవరూ అడగరు, ఎందుకంటే అది అందరికీ తెలిసిన కథే. అమెరికాలో ఒక నటుడు సరిగ్గా ఆ పని చేసి, తీసిన సినిమాను పంపిణీదారులెవరూ ముట్టుకోకపోతే తానే థియేటర్ల యజమానులకు ఫోన్లు చేసి ఆడించుకుని, వచ్చిన డబ్బును మళ్ళీ సినిమాల్లోనే పోశారు. ఆయన పేరు జాన్ కాసవెటీస్. ఆయన తీసిన అయిదు సినిమాలను క్రైటీరియన్ సంస్థ 'జాన్ కాసవెటీస్: ఫైవ్ ఫిల్మ్స్' అన్న పేరుతో ఒక పెట్టెగా అమ్ముతోంది. 2004లో ఎనిమిది డీవీడీలుగా మొదట వచ్చిన ఈ సెట్టు 2013లో అయిదు బ్లూరే డిస్కులుగా మళ్ళీ వచ్చింది. నా దగ్గర ఉన్నది ఈ రెండవది. 2024 ఆగస్టులో ఆయన భార్య, ఈ సినిమాలకు ప్రాణమైన నటి జీనా రోలండ్స్ మరణించిన వార్త చదివాక దీన్ని బీరువాలోంచి తీసి, అన్ని డిస్కులనూ మరొకసారి చూశాను. ఈ సమీక్ష ఆ రెండవ చూపుకు సంబంధించినది.

ముందుగా కొనేవారికి పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి. బ్లూరే డిస్కుల కోసం ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విడగొట్టారు. అమెరికా 'ఎ' ప్రాంతంలో ఉంటే భారతదేశం 'సి' ప్రాంతంలో ఉంది, ఈ పెట్టెలోని డిస్కులు 'ఎ' ప్రాంతానికి తాళం వేసినవి. ఈ సంగతి తెలియక నేను న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది చేత ఈ పెట్టెను తెప్పించుకుని, హైదరాబాదులో కొన్న ప్లేయర్‌లో మొదటి డిస్కు పెట్టి, తెరమీద ఒక నిరాకరణ వాక్యం తప్ప ఏమీ కనిపించక, ఆ ఆదివారమంతా ప్లేయర్‌ను తిట్టుకుంటూ గడిపాను. చివరికి ఒక మిత్రుడి దగ్గర కంప్యూటరుకు తగిలించే డ్రైవు తెచ్చుకుంటే గాని పని జరగలేదు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ బాధ లేదు. పైగా అక్కడ ఏడాదిలో ఒకటి రెండు సార్లు ఈ సంస్థ డిస్కులు సగం ధరకు దొరుకుతాయి, వంద డాలర్లు దాటిన ఈ పెట్టెకు ఆ సమయం కోసం ఆగడమే మంచిది. ఉపశీర్షికలు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి, కానీ అవి తప్పనిసరి, ఎందుకంటే ఈ సినిమాల్లో నలుగురు ఒకేసారి మాట్లాడతారు, నవ్వుతారు, దగ్గుతారు, మధ్యలో పాట అందుకుంటారు.

ఇక పెట్టెలో ఏమున్నదన్న విషయం. 'షాడోస్', 'ఫేసెస్', 'ఎ వుమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్', 'ది కిల్లింగ్ ఆఫ్ ఎ చైనీస్ బుకీ', 'ఓపెనింగ్ నైట్' అన్న అయిదు సినిమాలు, వీటికి తోడు ఆయన జీవితంపై చార్లెస్ కిసిలియాక్ 2000లో తీసిన 200 నిమిషాల డాక్యుమెంటరీ, వ్యాసాలూ పాత ఇంటర్వ్యూలూ ఉన్న ఒక పుస్తకం. జాబితా చూడగానే ఆయన అభిమానులకు తట్టే ప్రశ్న ఒకటుంది: 1970లో వచ్చిన 'హజ్బెండ్స్' ఏది? 1984లో బెర్లిన్ చిత్రోత్సవంలో బంగారు ఎలుగు (గోల్డెన్ బేర్) బహుమతి పొందిన 'లవ్ స్ట్రీమ్స్' ఏది? వెనిస్‌లో 1980 బంగారు సింహాన్ని పంచుకున్న 'గ్లోరియా' ఏది? ఈ అయిదూ ఆయన ఉత్తమ చిత్రాలు కాబట్టి ఎంపిక చేశారనుకుంటే పొరపాటు. కాసవెటీస్ దర్శకత్వం వహించిన పన్నెండు సినిమాల్లో స్టూడియోల సొత్తు కానివి, తన చేతి డబ్బుతోనూ తన వాళ్ళ డబ్బుతోనూ తీసి తన చేతిలోనే ఉంచుకున్నవి ఈ అయిదే. మిగతావాటి మీద హక్కు ఇతరులది. అంటే ఈ పెట్టెను కూర్చింది విమర్శకుల అభిరుచి కాదు, దస్తావేజులు. ఆ మాట గుర్తుంచుకుని చూస్తే ఈ అయిదు సినిమాలూ ఒక మనిషి ఆర్థిక జీవిత చరిత్రలాగా వరుసగా విప్పుకుంటాయి, నాకు ఈ పెట్టెలో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే.

కాసవెటీస్ 1929 డిసెంబరు 9న న్యూయార్క్‌లో గ్రీకు వలస కుటుంబంలో పుట్టారు. నటనలో శిక్షణ పొంది, టెలివిజన్ నాటకాల్లో పేరు తెచ్చుకుని, 1954లో జీనా రోలండ్స్‌ను పెళ్ళి చేసుకున్నారు. న్యూయార్క్‌లో బర్ట్ లేన్ అనే మిత్రుడితో కలిసి నడిపిన నటనా శిక్షణశాలలో ఒకనాడు పుట్టిన సన్నివేశం నుంచి 'షాడోస్' మొదలైంది. డబ్బు ఎక్కడి నుంచి? 1957లో జీన్ షెపర్డ్ నడిపే రాత్రిపూట రేడియో కార్యక్రమంలో కూర్చుని, సామాన్యుల గురించిన సినిమా కావాలంటే సామాన్యులే డబ్బు పంపాలని కాసవెటీస్ అన్నారు; శ్రోతలు నిజంగానే డాలరూ రెండు డాలర్లూ పంపితే దాదాపు రెండు వేల డాలర్లు పోగయ్యాయి. క్రౌడ్ ఫండింగ్ అన్న పేరు పుట్టడానికి నాలుగయిదు దశాబ్దాల ముందటి మాట ఇది. మిగతాది మిత్రుల నుంచి, తన నటన నుంచి వచ్చింది.

పదహారు మిల్లీమీటర్ల కెమెరాతో, అనుమతులు లేకుండా న్యూయార్క్ వీధుల్లో తీసిన ఈ సినిమాలో ముగ్గురు నల్లజాతి తోబుట్టువులుంటారు. వారిలో ఇద్దరి ఒంటి రంగు చూసేవారికి తెల్లవారిగానే కనిపిస్తుంది. చెల్లెలు లీలియాను ప్రేమించిన తెల్ల యువకుడు టోనీ, ఆమె ఇంటికి వచ్చి, తలుపు తెరుచుకుని లోపలికి అడుగు పెట్టిన పెద్దన్న హ్యూ ముదురు రంగును చూసే క్షణం ఒకటుంది. దర్శకుడు దాన్ని ఎక్కడా నొక్కి చెప్పరు, సంగీతం పెరగదు, ఆ క్షణంలో ఎవరూ 'జాతి' అన్న మాట ఎత్తరు. టోనీ ముఖంలో ఒక కండరం బిగుసుకుంటుంది, మరుక్షణమే మర్యాద కోసం ఏదో పని ఉందని గొణుగుతాడు. ఆ ఒక్క బిగింపును పట్టుకోవడానికే ఈ సినిమా తీశారా అనిపిస్తుంది. బ్లూరేలో ఆ ముఖం ఎంత స్పష్టంగా ఉందంటే, గతంలో ఒక అస్పష్టమైన కాపీలో చూసినప్పుడు నాకు ఆ కదలిక కనిపించనేలేదు. ఈ చిత్రాన్ని పునరుద్ధరించింది లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ చలనచిత్ర భాండాగారం. ఫిల్ముకు సహజమైన సన్నని చుక్కలను, అంటే గ్రెయిన్‌ను, తుడిచి మొహాలను మైనపు బొమ్మలు చెయ్యకుండా వదిలిపెట్టినందుకు వారికి కృతజ్ఞతలు చెప్పాలి. చార్లెస్ మింగస్ జాజ్ సంగీతమూ, షఫీ హాదీ శాక్సోఫోనూ ఒకే ఛానెల్ శబ్దంలో కూడా గదిని నింపుతాయి.

ఈ సినిమా చివర "మీరు చూసినది ఆశువుగా అల్లినది" అన్న అర్థంలో ఒక అక్షర ఫలకం వస్తుంది. ఆ ఒక్క ఫలకం కాసవెటీస్‌కు జీవితాంతం తలనొప్పి తెచ్చింది. 1958 చివర్లో న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఉచిత ప్రదర్శనలుగా వేసిన మొదటి కూర్పును జోనస్ మేకస్ వంటి విమర్శకులు ఆకాశానికెత్తితే, కాసవెటీస్ మాత్రం అది తన సాంకేతిక చాపల్యమే తప్ప మనుషుల కథ కాలేదని తేల్చుకుని, 1959లో చాలా భాగాన్ని ఈసారి రాసుకున్న సంభాషణలతో మళ్ళీ తీశారు. మేకస్ దీన్ని తిరస్కరించారు. పెట్టెలో ఉన్నది ఈ రెండవ కూర్పు మాత్రమే. చాలాకాలం కనిపించకుండా పోయిన మొదటి కూర్పు ప్రతిని రే కార్నీ అనే ఆచార్యుడు కనుగొనగా, సరిగ్గా ఈ సెట్టు మొదట వెలువడిన 2004లోనే అది రోటర్‌డామ్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. భర్త పక్కన పెట్టిన పనిని బయట చూపడానికి రోలండ్స్ ఒప్పుకోలేదు. నాకు ఆ ప్రతి చూడాలని ఎంత కోరిక ఉన్నా, ఆమె మాటను కాదనడం నావల్ల కాదు. తన సినిమా తన చేతిలో ఉండాలన్నదే కదా ఆయన జీవితమంతా చేసిన పోరాటం.

ఆ పోరాటం ఎందుకు మొదలైందో తెలియాలంటే పెట్టెలో లేని రెండు సినిమాల సంగతి చెప్పుకోవాలి. 'షాడోస్' వెనిస్‌లో మన్నన పొందాక హాలీవుడ్ ఆయన్ను పిలిచింది. పారామౌంట్‌కు 1961లో ఒకటి, నిర్మాత స్టాన్లీ క్రేమర్‌కు 1963లో 'ఎ చైల్డ్ ఈజ్ వెయిటింగ్' తీశారు. ఈ రెండవదాన్ని కూర్పు దశలో క్రేమర్ ఆయన చేతుల్లోంచి తీసుకుని మరొక విధంగా కత్తిరించారు. బుద్ధి ఎదగని పిల్లల పట్ల జాలి పుట్టించాలన్నది నిర్మాత ఉద్దేశం. ఆ పిల్లల్లో లోపమేమీ లేదు, లోపమంతా పెద్దలదేనన్నది దర్శకుడి ఉద్దేశం. గొడవ పెద్దదై, కొంతకాలం ఆయనకు దర్శకుడిగా పని దొరకలేదు. అప్పటి నుంచి ఆయన ఒక ఏర్పాటు చేసుకున్నారు: ఇతరుల సినిమాల్లో విలన్‌గానో సైనికుడిగానో నటించి సంపాదించడం, ఆ సంపాదనతో సొంత సినిమా తీసుకోవడం. 1967లో 'ది డర్టీ డజన్'లో వేసిన ఖైదీ సైనికుడి పాత్ర ఆయనకు సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. 'రోజ్‌మేరీస్ బేబీ'లో భార్యను పిశాచానికి అప్పగించే భర్తను చాలామంది చూసే ఉంటారు. ఆ పారితోషికాలు ఎక్కడికి పోయాయో ఈ పెట్టెలోని రెండవ డిస్కు చెబుతుంది.

'ఫేసెస్' 1965లో దాదాపు ఆరు నెలలపాటు, ఎక్కువగా రాత్రిళ్ళు, కాసవెటీస్ సొంత ఇంట్లోనూ అత్తగారింట్లోనూ తీసిన సినిమా. నటులకు జీతాల్లేవు, లాభాల్లో వాటా ఇస్తామన్న మాట మాత్రం ఉంది. భార్య పాత్ర వేసిన లిన్ కార్లిన్ అప్పటికి నటి కాదు, దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్ దగ్గర కార్యదర్శిగా పని చేస్తున్న యువతి. కూర్పు ఇంటి గ్యారేజీలో జరిగింది, దానికి మూడేళ్ళు పట్టింది. 1968లో విడుదలైనప్పుడు కార్లిన్‌కూ, నటుడు సీమోర్ కాసెల్‌కూ, స్క్రీన్‌ప్లేకు కాసవెటీస్‌కూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. భర్త పాత్ర వేసిన జాన్ మార్లీ వెనిస్‌లో ఉత్తమ నటుడయ్యారు. పద్నాలుగేళ్ళ కాపురం ఒక్క రాత్రిలో విడిపోవడమే కథ. నేను ఈ సినిమాను ప్రేమిస్తానని చెప్పలేను. మొదటి గంటలో మగవాళ్ళు తాగి, పాత జోకులు చెప్పి, గట్టిగా నవ్వి, మళ్ళీ అవే జోకులు చెప్పే తీరు నిజంగా విసిగిస్తుంది, విసిగించడమే ఉద్దేశమని తెలిసినా ఆ విసుగు తగ్గదు. కానీ చివరి ఎనిమిది పది నిమిషాల కోసం ఆ గంటను భరించవచ్చు. నిద్రమాత్రలు మింగి బతికి బయటపడ్డ భార్యా, తెల్లవారి ఇంటికి వచ్చిన భర్తా మెట్ల మీద కూర్చుని సిగరెట్లు వెలిగిస్తారు. మెట్లు ఇరుకు. ఒకరు పైకి వెళ్ళాలంటే మరొకరి కాళ్ళ మీదుగా దాటాలి. మాటలు అయిపోయిన ఇద్దరు, ఒకరినొకరు దాటుకుంటూ, దగ్గుతూ, పొగ వదులుతూ ఉంటారు. అది సెట్టు కాదు గనుకనే, నిజమైన ఇంటి నిజమైన మెట్లు గనుకనే, ఆ ఇరుకు మనకు తగులుతుంది. ఛాయాగ్రాహకుడు, తరువాత నిర్మాత అయిన అల్ రూబన్ ఈ సినిమాకు దీపాలు ఎలా అమర్చిందీ వివరించే భాగం ఈ డిస్కులో ఉంది. సినిమా తీయాలనుకునే కుర్రవాళ్ళు ఆ భాగాన్ని తప్పక చూడాలి. ఒకప్పటి పొడవైన కూర్పులోని పదిహేడు నిమిషాల మరో ప్రారంభ భాగం కూడా ఇచ్చారు.

మూడవ డిస్కు వద్దకు వచ్చేసరికి తాకట్టు కథ మొదలవుతుంది. 'ఎ వుమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్' మొదట రోలండ్స్ కోసం రాసిన నాటకం. రాతప్రతి చదివి, రాత్రి వెంట రాత్రి ఈ పాత్రను రంగస్థలం మీద వేస్తే తాను బతకనని ఆమె అంటే అది సినిమా అయింది. నడివయసు ఆడదాని పిచ్చి ఎవరికి కావాలన్నట్టుగా పెట్టుబడిదారులు తప్పుకున్నారు. దంపతులు ఇల్లు తాకట్టు పెట్టారు. కథానాయకుడు పీటర్ ఫాక్, అప్పటికే 'కొలంబో' అనే టీవీ ధారావాహికలో డిటెక్టివ్‌గా ఇంటింటి మనిషి అయినవాడు, తన సంపాదనలోంచి అయిదు లక్షల డాలర్లు పెట్టారు. సాంకేతిక సిబ్బందిలో కొందరు అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు. కాసవెటీస్ అప్పట్లో అక్కడ ఆహ్వానిత దర్శకుడిగా ఉండి పాఠాలు చెబుతున్నారు. 1974లో సినిమా సిద్ధమయ్యాక కొనేవారు లేక సొంతంగా పంపిణీ సంస్థ పెట్టుకుని, కాసెల్ వంటి మిత్రులను ఊరూరికీ పంపి ఆడించుకున్నారు. సినిమా ఆడింది. రోలండ్స్‌కూ, దర్శకుడిగా ఆయనకూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. నటుడిగా, రచయితగా, దర్శకుడిగా మూడు విభాగాల్లోనూ ఆ గౌరవం దక్కినవారు హాలీవుడ్‌లోనే వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది.

ఇందులో మేబెల్ అనే గృహిణి, నిక్ అనే మునిసిపాలిటీ పనివాడు భార్యాభర్తలు. రాత్రంతా పగిలిన నీటి గొట్టం దగ్గర పనిచేసి నిక్ తనతోటి పనివాళ్ళందరినీ పొద్దున్నే ఇంటికి తీసుకొస్తాడు. మేబెల్ అంతమందికీ స్పాగెట్టీ వండి వడ్డిస్తుంది. పొడవాటి బల్ల చుట్టూ బురద బట్టల మగవాళ్ళు, ఒక కొసన ఆమె. అందరి పేర్లూ అడిగి తెలుసుకుంటుంది, ఒకతను ఒపేరా పాట ఎత్తుకుంటే ఆ నోట్లోకి తొంగిచూస్తున్నంత దగ్గరగా వెళ్ళి వింటుంది, మరొక మొహమాటస్తుణ్ణి లేచి తనతో నాట్యం చెయ్యమని బతిమాలుతుంది. ఆమె చేస్తున్నది ఆతిథ్యమే, కాకపోతే ఒక గీటు ఎక్కువ. ఆ గీటు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, చూస్తున్న మనకూ తెలియదు, నిక్ ఒక్కసారిగా అరిచేదాకా. ఆ అరుపు తరువాత బల్ల దగ్గర ఫోర్కుల చప్పుడు ఆగిపోతుంది. ఈ దృశ్యాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ వెనక కుర్చీలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. సంభాషణ ఒక్క ముక్క అర్థం కాకుండానే, "ఆ పిల్లకి పిచ్చేమీ లేదురా, ఇంటికొచ్చినోళ్ళు కడుపునిండా తినాలనుంది, అంతే. మొగుడికే నలుగురిలో సిగ్గేసింది" అంది. ఈ సినిమా మీద నేను చదివిన వ్యాసాలేవీ ఈ రెండు వాక్యాలను మించలేదు.

రోలండ్స్ నటన గురించి ఎంత చెప్పినా తక్కువే గాని, ఒక విషయం చెప్పి ఊరుకుంటాను. ఆమె చేతులను గమనించండి. బొటనవేలిని భుజం మీదుగా వెనక్కి విసరడం, గాలిలో ఎవరినో తోసేస్తున్నట్టు అరచేతిని ఊపడం, పెదవులతో పిల్లల్లా చప్పుడు చేయడం, ఇవన్నీ మాటలు దొరకని మనిషి తయారు చేసుకున్న సొంత భాష. ఆరు నెలలు ఆసుపత్రిలో ఉండి తిరిగి వచ్చాక ఆ చేతులు కట్టేసినట్టు ఒళ్ళో పడి ఉంటాయి. నిక్ ఆమెను మునుపటిలా ఉండమని, ఆ చప్పుళ్ళు చెయ్యమని బతిమాలతాడు. ఈ డిస్కులో రోలండ్స్, ఫాక్ చాలా ఏళ్ళ తరువాత కలిసి కూర్చుని మాట్లాడుకున్న భాగం ఉంది. శబ్దగ్రహణం చేసి సంగీతం కూర్చిన బో హార్వుడ్, కెమెరా నడిపిన మైక్ ఫెరిస్ సినిమా పొడుగునా చెప్పిన వ్యాఖ్యానమూ ఉంది. కెమెరా ఎక్కడుందో పట్టించుకోకుండా నటులను తిరగనిచ్చి, వాళ్ళను వెంటాడడం కెమెరామెన్ కర్మ అని వదిలేసిన పద్ధతిని వీరిద్దరూ నవ్వుతూ చెబుతారు. ఇలాంటి వ్యాఖ్యానం మిగతా నాలుగు సినిమాలకు లేకపోవడం ఈ సెట్టులో నాకు కనిపించిన పెద్ద లోటు.

మేబెల్ సంపాదించిపెట్టిన డబ్బు తరువాతి రెండు సినిమాల్లో పోయింది, అందులో దాపరికమేమీ లేదు. 1976లో వచ్చిన 'ది కిల్లింగ్ ఆఫ్ ఎ చైనీస్ బుకీ'లో బెన్ గజారా లాస్ ఏంజెలిస్‌లో ఒక నాసిరకం నైట్‌క్లబ్ యజమాని కాస్మో. క్లబ్బు మీద అప్పు తీరిన రోజునే జూదంలో ఇరవై మూడు వేల డాలర్లు ఓడిపోయి, ఆ బాకీకి బదులు ఒక మనిషిని చంపాల్సి వస్తుంది. చంపడానికి వెళ్తుండగా దారిలో కారు చెడిపోతే, కాస్మో రోడ్డు పక్క ఫోన్ బూత్‌లోంచి ట్యాక్సీ కోసం ఫోన్ చేసి, వెంటనే క్లబ్బుకు ఫోన్ చేసి, ఇప్పుడు స్టేజీ మీద ఏ అంశం నడుస్తోందని అడుగుతాడు. అవతలి మనిషికి అది తెలియకపోతే పాట పల్లవి పాడి మరీ గుర్తు చేస్తాడు. జేబులో తుపాకీ ఉన్నవాడికి ఆ క్షణంలో ఉన్న చింత తన ప్రదర్శన సరిగా జరుగుతోందా లేదా అన్నదే. ఇది గ్యాంగ్‌స్టర్ల సినిమా కాదనీ, కలలు కనేవాడి చుట్టూ చేరి వాటిని కాజేసేవాళ్ళ గురించిన సినిమా అనీ కాసవెటీస్ తనకు చెబుతూ కంటతడి పెట్టారని గజారా గుర్తు చేసుకున్నారు. ఆ మాట వినకపోయినా ఫోన్ బూత్ దృశ్యం చూస్తే కాస్మో ఎవరో తెలిసిపోతుంది.

ప్రేక్షకులకు మాత్రం తెలియలేదు. 135 నిమిషాల ఆ సినిమాను కొద్ది రోజుల్లోనే థియేటర్లలోంచి తీసేశారు. 1978లో కాసవెటీస్ దాన్ని 108 నిమిషాలకు కుదించి మళ్ళీ విడుదల చేశారు. ఈ పెట్టెలో రెండు కూర్పులూ ఉన్నాయి, పెట్టె కొనడానికి ఇదొక్కటే చాలిన కారణమని నా అభిప్రాయం. చిన్న కూర్పు పెద్దదానికి కత్తిరించిన ముక్క కాదు. దృశ్యాల వరుస మారింది, కొన్ని చోట్ల వేరే టేకులు వాడారు, ముందు లేని కొంత భాగం వచ్చి చేరింది. ఒకే ముడిసరుకులోంచి ఒకే మనిషి రెండు సినిమాలు ఎలా తీస్తాడో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం సినిమా విద్యార్థులకు అరుదుగా దొరుకుతుంది. చాలామంది చిన్న కూర్పే బిగువుగా ఉందంటారు. నాకు పెద్దదే ఇష్టం, ఎందుకంటే ఆ క్లబ్బులోని చెత్త ప్రదర్శనలను పూర్తిగా భరిస్తే గాని కాస్మో వాటిని ఎందుకంతగా ప్రేమిస్తాడో మనకు ఎక్కదు.

1977 నాటి 'ఓపెనింగ్ నైట్'ది మరీ దీనమైన కథ. వయసు మళ్ళుతున్న రంగస్థల నటి మర్టిల్, తన కళ్ళెదుట ఒక యువ అభిమాని కారు కింద పడి చనిపోయాక, వృద్ధాప్యాన్ని ఒప్పుకునే పాత్రను వెయ్యలేక వేసే ఇబ్బంది ఇది. రోలండ్స్‌కు 1978లో బెర్లిన్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది, అయినా అమెరికాలో పంపిణీదారు దొరక్క సినిమా డబ్బాల్లోనే మగ్గింది. అక్కడ సరైన విడుదలకు నోచుకున్నది 1991లో, అంటే కాసవెటీస్ పోయిన రెండేళ్ళకు. తప్పతాగి డ్రెస్సింగు గదికి పాకుతూ చేరిన మర్టిల్‌ను తెర లేచే వేళకు నిలబెట్టే భాగం చూస్తే, ఇంతకాలం దీన్ని ఎవరూ చూడకపోవడమేమిటని కోపం వస్తుంది. ఈ డిస్కు చిత్రనాణ్యత అయిదింటిలోకీ బాగుంది, ఎర్ర తెరలూ ఎర్ర దుస్తులూ కంటికి నిండుగా ఉన్నాయి.

అదనపు సరుకులో చాలా వరకు 2004 డీవీడీల నుంచి యథాతథంగా వచ్చినదే, అందువల్ల పెద్ద తెర మీద కొంచెం మసకగా ఉంటుంది. మూడు గంటల ఇరవై నిమిషాల డాక్యుమెంటరీలో అందరూ ఆయన్ను పొగిడేవారే. క్రేమర్ వైపు మాట ఒక్కటి కూడా లేకపోవడం, కాసవెటీస్ తాగుడు గురించి మెత్తమెత్తగా దాటవేయడం నాకు నచ్చలేదు. 1989 ఫిబ్రవరి 3న ఆయన యాభై తొమ్మిదేళ్ళకే కాలేయం చెడి మరణించారన్న నిజం, తెరనిండా తాగే మనుషులను చూశాక, ఇంకొంత సూటిగా చెప్పదగినది. పుస్తకంలో మాత్రం ఆయన సొంత మాటలూ, గ్యారీ గిడిన్స్, కెంట్ జోన్స్ వంటివారి వ్యాసాలూ, ఒకప్పుడు ఆయన దగ్గర కార్యదర్శిగా పనిచేసిన ఎలేన్ కేగన్ జ్ఞాపకాలూ చదవదగినవి. దర్శకుడు మార్టిన్ స్కార్సెసీ రాసిన నాలుగు మాటలూ ఉన్నాయి.

కొన్నవారు 'షాడోస్'తో మొదలుపెట్టకండి. మూడవ డిస్కుతో మొదలుపెట్టి, తరువాత 'బుకీ' పెద్ద కూర్పు చూసి, ఆ పైన వెనక్కి వెళ్ళండి. నేను ఈసారి అలాగే చూశాను. మూడవ డిస్కు అయ్యేసరికి, మేబెల్ నిక్ బల్ల సర్దుకుని, సోఫాను పరుపుగా విప్పుకుని, మోగుతున్న ఫోన్‌ను ఎవరూ ఎత్తకుండానే దీపాలు ఆర్పేశారు. మా అమ్మకు ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు, అయినా పక్కనే కూర్చుంది. మధ్యలో ఎప్పుడో ఈ సినిమా తీయడానికి వాళ్ళు ఇల్లు తాకట్టు పెట్టారని చెప్పాను.

"మరి ఆ ఇల్లు విడిపించుకున్నారట్రా?" అని అడిగింది.

ఇల్లు వాళ్ళ చేతిలోనే ఉందనీ, పదేళ్ళ తరువాత 1984లో వచ్చిన 'లవ్ స్ట్రీమ్స్' కూడా ఆ ఇంట్లోనే తీశారనీ చెప్పాను.

"అయితే సరే, ఇంకోటి పెట్టు" అంది.